ట్యాంకు నుంచి నాజిల్ దాకా

బళ్లారి సరిహద్దులో పాత డీజిల్ లారీ మొరాయిస్తే తప్పు ఎక్కడి నుంచి వెతకాలి?

గుంతకల్లు వైపు నుంచి బళ్లారికి వచ్చే లారీ డ్రైవర్లలో చాలామందికి ఒక అలవాటుంది. ట్యాంకులో డీజిల్ అడుగంటుతున్నా ఆంధ్ర వైపు బంకులోకి బండి తిప్పరు. ‘‘ఇంగెంత దూరమప్పా, హగరి ఏరు దాటినాక కొట్టిచ్చుకుందాం’’ అని లాగేస్తారు. వాళ్ల లెక్క వాళ్లకుంది. ఆంధ్రప్రదేశ్‌లో డీజిల్ మీద 22.25 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. కర్ణాటకలో 2024 జూన్ దాకా పన్ను 14.34 శాతమే. ఆ నెలలో 18.44కు, 2025 ఏప్రిల్‌లో 21.17కు పెంచారు. ధరల్లో తేడా తగ్గింది గానీ పోలేదు. లీటరుకు నాలుగైదు రూపాయలు మిగిలినా రెండు వందల లీటర్ల మీద చిన్న మొత్తమేం కాదు.

ఈ లెక్కలో ఎవరూ రాసుకోని ఖర్చు ఒకటుంది. అడుగంటిన ట్యాంకులోంచి పైపు పీల్చేది డీజిలొక్కటే అయితే బాధ లేదు. ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి, తుప్పు పొరలు, అడుగున నిలిచిన నీళ్లు కూడా దాంతోపాటే వస్తాయి. గుంతలో చక్రం పడి బండి ఊగినప్పుడల్లా పైపు కొన తేలిపోయి ఇంత గాలి కూడా మింగుతుంది. తీరా సరిహద్దు దాటి, ట్యాంకు నిండా కొట్టించుకుని, పది కిలోమీటర్లు పోగానే ఇంజన్ దగ్గడం మొదలుపెడితే ‘‘బంకులో నీళ్లు కలిపినారు సూడు’’ అని తిట్టుకుంటారు. బంకు డీజిల్ చెడ్డదయ్యే సందర్భాలూ ఉంటాయి, కాదనను. కానీ చాలాసార్లు కొత్త డీజిల్ ధారగా పడి పాత మడ్డిని లేపిందంతే. ఆ మడ్డి ఎవరిదో కాదు, సొంత బండిదే.

డీజిల్ బండికి వచ్చే తిప్పల్లో సగానికి సగం ఇలాగే, ఖరీదైన పంప్ దాకా పోకముందే, రూపాయల్లో తేలిపోయే చోట మొదలవుతాయి. వాటిని లక్షణాన్ని బట్టి పట్టుకునే మేస్త్రీలు బళ్లారి చుట్టుపక్కల షెడ్డుల్లో ఇంకా ఉన్నారు. పట్టుకోకుండానే పంప్ విప్పేసేవాళ్లూ ఉన్నారు.

గీతకు అటూ ఇటూ

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు రాష్ట్రంలోని బళ్లారి జిల్లాను చీల్చారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. బళ్లారి పట్టణంతో సహా తక్కినవి మైసూరుకు వెళ్లాయి. ఆ గీత లారీ షెడ్డుల గుమ్మం లోపలికి మాత్రం రాలేదు. తెలుగులో మొదలుపెట్టిన మాట కన్నడంలో సాగి, ఉర్దూలో తిట్టుతో ముగియడం అక్కడ మామూలే. లారీ నుదుట కన్నడ అక్షరాలుంటాయి, కింద చేళ్లగురికి ఎర్రితాత బొమ్మ ఉంటుంది. ఆ తాతకు రెండు రాష్ట్రాల్లోనూ భక్తులే.

ఈ రోడ్డు మీద ఏం నడుస్తుందో ఒకసారి చూడాలి. హోస్పేట, బళ్లారి, గుంతకల్లు, గుత్తి, తాడిపత్రి మీదుగా కృష్ణపట్నం రేవు దాకా పోయేది 67వ నంబర్ జాతీయ రహదారి. సండూరు కొండల్లో ఇనుప ఖనిజం, తోరణగల్లులో ఉక్కు, సిరుగుప్ప వైపు తుంగభద్ర ఆయకట్టు వడ్లు, పొలాల నుంచి మిరపకాయలు. కోస్తా నుంచి వచ్చి క్యాంపులు వేసుకున్న తెలుగు రైతుల ధాన్యం మిల్లులకు చేరేది లారీల్లోనే. పెద్ద కంపెనీల కొత్త బండ్లు దూరప్రయాణాలు పట్టుకుపోగా, ఊరి చుట్టూ తిరిగే కిరాయిలు పాత టాటా 1613ల మీద, పాత లేలాండ్ కామెట్‌ల మీద ఇంకా నడుస్తున్నాయి.

వాటిలో 1613ల వంశవృక్షం తెలిస్తే వాటి గుణం తెలుస్తుంది. టాటాల టెల్కో 1954లో జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో చేతులు కలిపి జంషెడ్‌పూర్‌లో లారీలు చేయడం మొదలుపెట్టింది. 1969లో ఆ ఒప్పందం ముగిసింది. రేడియేటర్ మీద నక్షత్రం పోయి ‘టీ’ అక్షరం వచ్చింది, ఇంజన్ మాత్రం ఆ కుదురులోనే పెరిగింది. మన రోడ్లను దశాబ్దాల పాటు ఏలిన ఆరు సిలిండర్ల 697 ఇంజన్ ఆ కుటుంబానిదే. దాని పక్కన బిగించే డీజిల్ పంప్ కూడా జర్మన్ పుట్టుకే. రాబర్ట్ బాష్ కంపెనీ 1927లో మొదటిసారి పెద్ద ఎత్తున తయారు చేసిన వరుస పంప్‌కు అది వారసురాలు. మన దేశంలో దాన్ని చేసింది 1951లో బెంగళూరులో పెట్టిన మైకో. 2008లో ఆ కంపెనీ పేరు బాష్‌గా మారినా పాత మేస్త్రీల నోట అది ఇప్పటికీ మైకో పంపే.

ఈ పంప్‌లో కరెంటు పని ఏమీ లేదు. ఒకసారి స్టార్ట్ అయిందంటే బ్యాటరీ ఊడబీకి పక్కన పెట్టినా ఇంజన్ నడుస్తూనే ఉంటుంది. కాబట్టి ఆగిపోయిందంటే కారణాలు కొన్నే: డీజిల్ రాలేదు, డీజిల్‌తో గాలో నీళ్లో వచ్చాయి, వచ్చిన డీజిల్ సరైన వేళకు సరైన కొలతలో పొగమంచులా చిమ్మలేదు. అవి కాకపోతే ఇంజన్‌కే జబ్బు, అది వేరే కథ.

మూత తిప్పితే బయటపడిన సంగతి

సిరుగుప్ప రోడ్డులో ఒక షెడ్డు. వడ్ల లోడుతో వచ్చిన పాత 1613 నీడ లేని చోట ఆగింది. మేస్త్రీ చేతిలో స్పానర్ లేదు, టీ గ్లాసుంది.

‘‘ఏమైందప్పా?’’

‘‘పొద్దున బాగానే స్టార్ట్ అయితాదన్నా. ఇరవై కిలోమీటర్లు పోతూనే రేస్ అందుకోదు. దిగిపోతా దిగిపోతా ఆగిపోతాది. పావుగంట నిలబెడితే మళ్లా ఏమీ తెలీనట్ల స్టార్ట్ అయితాది.’’

‘‘పంప్ యాడన్నా విప్పిచ్చినావా?’’

‘‘దావలో ఒకాయన విప్పి సూస్తానన్న్యాడు. నేనే వద్దంటి.’’

‘‘మంచి పని సేసినావు. పోయి ట్యాంకు మూత తిప్పు.’’

క్లీనర్ పిల్లవాడు మూత తిప్పగానే ‘స్స్‌స్’ మని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు. మేస్త్రీ నవ్వి టీ పూర్తి చేశాడు. మూతలో గాలి ఆడటానికి ఒక సన్న రంధ్రం ఉంటుంది. దుమ్ము, డీజిల్ జిడ్డు కలిసి అది మూసుకుపోయింది. డీజిల్ ఖర్చయ్యే కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రాకపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడుతుంది. ట్యాంకు నుంచి లాగే చిన్న పంప్, అంటే ఫీడ్ పంప్, ఎంత గుంజినా డీజిల్ రాదు. పావుగంట ఆగితే ఏదో సందులోంచి గాలి మెల్లగా చేరి మళ్లీ దారి ఇస్తుంది. సన్న తీగతో రంధ్రం పొడిచి, మూతను డీజిల్‌లో కడిగి బిగించారు.

మేస్త్రీ అక్కడితో వదల్లేదు. ఇవే లక్షణాలు ఇంకో కారణానికీ ఉంటాయట. ట్యాంకులో గుడ్డపేలికో, ఎండుటాకో, ఎప్పుడో పూసిన గమ్ ముక్కో తేలుతూ ఉండి పీల్చే పైపు మూతికి అతుక్కుంటుంది. ఇంజన్ ఆగి పీల్చడం మానగానే ఊడి కిందికి దిగుతుంది. అందుకని ట్యాంకు అడుగు బోల్టు వదులు చేసి, వచ్చినదాన్ని గాజు సీసాలో పట్టి కదపకుండా పక్కన పెట్టించాడు. పది నిమిషాల్లో సీసా తన సాక్ష్యం తాను చెప్పింది: పైన డీజిల్, కింద వేలెడు నీళ్లు, ఆ అడుగున ఎర్రటి మడ్డి. ‘‘మూత కత ఇయ్యాల్టిది. ఇది రేపటిది,’’ అన్నాడు సీసా చూపిస్తూ.

ఇక్కడ మెచ్చుకోవాల్సింది ఆ మనిషి వరుస. డీజిల్ ఎటు నుంచి ఎటు పోతుందో అటు నుంచే అతని చూపు పోతుంది. ట్యాంకు, పీల్చే పైపు, ఫీడ్ పంప్ కింది జాలి, ఫీడ్ పంప్, రెండు ఫిల్టర్లు, పెద్ద పంప్, ఆరు సన్న ఉక్కు పైపులు, ఆరు నాజిళ్లు. వెనక నుంచి మొదలుపెట్టినవాడు యజమాని జేబుకు చిల్లు పెడతాడు.

చుక్క కారని లీకు

ఈ దారిలో రెండు రాజ్యాలున్నాయి. ట్యాంకు నుంచి ఫీడ్ పంప్ దాకా పీల్చుడు. అక్కడి నుంచి నెట్టుడు. నెట్టే వైపు ఎక్కడ సందున్నా డీజిల్ బయటికి కారుతుంది, కంటికి కనిపిస్తుంది. పీల్చే వైపు సందుంటే చుక్క కూడా కారదు, గాలే లోపలికి పోతుంది. కింద నేల పొడిగా ఉంది కదా అని మోసపోయేది ఇక్కడే. పగుళ్లిచ్చిన రబ్బరు పైపు, రెండోసారి మూడోసారి వాడిన రాగి వాషర్, మర పోయిన బాంజో బోల్టు, ఫీడ్ పంప్ మీద చేత్తో కొట్టే ప్రైమర్ నాబ్ – గాలి చొరబడే తలుపులు ఎక్కువగా ఇవే.

రాత్రి నిలబెట్టిన బండి పొద్దున చేతి పంప్ కొడితే తప్ప స్టార్ట్ కావడం లేదంటే డీజిల్ రాత్రంతా వెనక్కి జారి ట్యాంకులోకి దిగిపోయిందన్నమాట. సందేహం ముందు పీల్చే పైపు మీద, తర్వాత ఫీడ్ పంప్ వాల్వుల మీద పెట్టుకోవాలి. సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీని చంపడం వల్ల గాలి పోదు.

ఖాయం చేసుకోవడానికి పాతవాళ్లు వాడే ఉపాయం ఒక క్యాను. శుభ్రమైన డీజిల్ క్యాను ఎత్తులో కట్టి, కొత్త గొట్టంతో నేరుగా ఫీడ్ పంప్‌కు ఇచ్చి బండి నడిపి చూస్తారు. జబ్బు పోయిందా, దోషం ట్యాంకుకూ ఫీడ్ పంప్‌కూ మధ్యలోనే. పోలేదా, ముందుకు పదండి. సగం దారి ఒక్క దెబ్బతో తేలిపోతుంది. ఇంకాస్త ఓపికున్నవాళ్లు ఫీడ్ పంప్ ముందు ఒక జానెడు పారదర్శకమైన గొట్టం పెడతారు. అందులో బుడగలు పరుగెడుతుంటే వేరే పరీక్షే అక్కర్లేదు.

గాలి తీయడానికీ ఒక పద్ధతుంది. ముందు ఫిల్టర్ మీది ఎయిర్ స్క్రూ వదులు చేసి చేతి పంప్ కొట్టాలి. నురగ వస్తుంది, చిటపటమంటుంది, తర్వాత తేటగా ధార కడుతుంది. ధార వస్తుండగానే స్క్రూ బిగించాలి. పంప్ కొట్టడం ఆపి బిగిస్తే అదే సందులోంచి గాలి మళ్లీ లోపలికి దూరుతుంది. పని నేర్చుకునే కుర్రాళ్లు తప్పేది ఇక్కడే. తర్వాత పెద్ద పంప్ మీది స్క్రూ, ఆపైన సెల్ఫ్ తిప్పుతూ నాజిల్ పైపు నట్లు.

దారిలో చేసుకునే తాత్కాలిక చికిత్సల గురించి ఒక మాట. ట్యాంకు కారితే సబ్బు రుద్దడం, జాయింటుకు నూలు దారం చుట్టి బిగించడం లారీ ఉన్నన్నాళ్లూ ఉన్న విద్యలే. ఇంటికి చేరడానికి అవి పనికొస్తాయి. చేరాక విప్పి సరిచేయించకపోతే ఆ దారపు పోగులే ఫీడ్ పంప్ జాలిలో తేలతాయి.

ఖాళీగా బాగా పోతూ, లోడు మీద ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం చచ్చిపోయే బండికి మొదట చూడాల్సింది ఫిల్టర్. డీజిల్ తక్కువ కావాల్సినప్పుడు మూసుకుపోయిన ఫిల్టర్ కూడా సరిపెడుతుంది, ఎక్కువ అడిగినప్పుడే దాని బండారం బయటపడుతుంది. కడిగి మళ్లీ వాడుకోగలిగిన ఫిల్టర్ ఉంటుంది, పారేయాల్సిన పేపర్ ఫిల్టర్ ఉంటుంది. రెండోదాన్ని గాలి కొట్టి మళ్లీ బిగించడం పొదుపు కాదు. గాలి దెబ్బకు చిరిగిన కాగితం మడ్డిని నేరుగా పంప్‌లోకి పంపుతుంది.

ఎర్ర దుమ్ము, ఆగిపోయిన ఏళ్లు

బళ్లారి బండికి అదనంగా ఒక శత్రువుంది, ఖనిజపు దుమ్ము. పౌడరులా మెత్తగా ఉంటుంది, ముట్టుకుంటే గరుకే తెలియదు. కానీ కంసాలులు నగలకు మెరుగు పెట్టడానికి వాడే ఎర్రపొడి కూడా ఇనుప ఆక్సైడే. లోహాన్ని కొద్దికొద్దిగా అరగదీయడమే దాని పని. అలాంటి పొడి ఫిల్టర్ దాటి పంప్‌లోకి పోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. సండూరు, హోస్పేట గనుల దారుల్లో తిరిగే బండ్లకు కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల లెక్క చెల్లదు. సగానికే ఫిల్టర్ మార్చేసేవాళ్లు బాగుపడ్డారు.

2000 తర్వాత చైనా గిరాకీతో ఖనిజం ధర ఎగబాకింది. ఈ జిల్లాలో, పక్కనే మన ఓబుళాపురం వైపు, లారీ కొనని కుటుంబం పాపం అన్నట్టుగా ఉండేది. పొలం తాకట్టు పెట్టి లారీ తీసినవాళ్లున్నారు. 2011 జులైలో అక్రమ తవ్వకాల మీద కర్ణాటక లోకాయుక్త సంతోష్ హెగ్డే నివేదిక వచ్చింది. అదే నెల 29న సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో తవ్వకాలు ఆపేయమంది. రాత్రికి రాత్రే చక్రాలు ఆగాయి. 2013 ఏప్రిల్‌లో కోర్టు షరతులతో గనులకు దారి తెరిచినా, కంతులు కట్టలేక మధ్యలోనే బండ్లు వదులుకున్నవాళ్లు తక్కువేం కాదు. అక్రమ తవ్వకాలను ఆపడం సబబే. ఆ దెబ్బ ఒక్క లారీ ఉన్నవాడి మీద ఎక్కువగా పడిందన్నదీ అంతే నిజం.

ఆ రెండేళ్లు డీజిల్ పంప్‌లకు ఏం చేశాయో షెడ్డుల్లో ఇంకా చెప్పుకుంటారు. సగం నిండిన ట్యాంకులో రాత్రి చలికి తేమ నీటి బొట్లుగా మారుతుంది. నీరు బరువు గనక అడుగుకు దిగుతుంది, రేకు తుప్పు పడుతుంది. పంప్‌లో నిలిచిన డీజిల్ ఆరి జిగురవుతుంది. ఇంజన్‌కు ఎంత డీజిల్ ఇవ్వాలో నిర్ణయించే ర్యాక్ అనే కడ్డీ ఆ జిగురులో కదలక బిగుసుకుంటుంది. అది తెరుచుకున్న చోటే బిగుసుకుంటే చాలా ప్రమాదం. స్టార్ట్ చేసిన మరుక్షణం ఇంజన్ అదుపు తప్పి రేస్ అయిపోతుంది, స్టాప్ కేబుల్ లాగినా ఆగదు. అందుకే నెలల తరబడి నిలిచిన బండికి సెల్ఫ్ కొట్టేముందు పంప్ పక్క మూత విప్పి ర్యాక్ వేలితో నెడితే అటూ ఇటూ ఆడుతోందో లేదో చూడాలి. చెక్క పలకొకటి చేతికందేలా ఉంచుకోవాలి, రేస్ అయితే గాలి పీల్చే మూతి మూయడానికి. చెయ్యి పెట్టకూడదు, గుడ్డ అసలే పెట్టకూడదు.

గాజు గొట్టాల తీర్పు

ముందు మెట్లన్నీ చూశాక కూడా జబ్బు తేలకపోతే అప్పుడు ఆరు నాజిళ్ల వంతు. ఇంజన్ నెమ్మదిగా నడుస్తుండగా ఒక్కో నాజిల్ పైపు నట్టును అర చుట్టు వదులు చేస్తారు. ఆ సిలిండర్ పని చేస్తుంటే ఇంజన్ గొంతు వెంటనే మారుతుంది, కుంటుతుంది. వదులు చేసినా శబ్దంలో తేడా లేదంటే ఆ సిలిండర్ అంతకుముందే పడుకుంది. ఆరింట్లో దొంగ ఎవరో ఇలా పట్టుకోవచ్చు. నట్టు మీద గుడ్డ కప్పకుండా, కళ్లకు అద్దాలు లేకుండా ఈ పని చేయకూడదు.

పొగ కూడా కొంత చెబుతుంది. నల్ల పొగ అంటే డీజిల్ ఎక్కువైంది లేదా గాలి తక్కువైంది. కాబట్టి నాజిల్‌ను తిట్టేముందు ఎయిర్ క్లీనర్ విప్పి దులపాలి. ఘాటు వాసనతో తెల్ల పొగ వస్తే డీజిల్ కాలకుండానే బయటికి పోతోంది, టైమింగ్ వెనకబడి ఉండొచ్చు, కంప్రెషన్ తగ్గి ఉండొచ్చు. నీలి పొగ ఇంజన్ ఆయిల్‌ది, దానికి డీజిల్ పంప్‌తో సంబంధం లేదు.

విప్పిన నాజిల్‌ను టెస్టర్‌కు బిగించి, చేత్తో మీట నొక్కి చూడటం ఒక కళ. ఈ తరం ఇంజన్ల నాజిల్ తెరుచుకునేది దాదాపు 200 బార్ల పీడనం దగ్గర. మంచి నాజిల్ మీట నొక్కగానే గుర్రుమంటూ నాలుగు వైపులా సమానంగా పొగమంచు చిమ్ముతుంది. చెడ్డది సన్న ధారగా పిచికారీ కొడుతుంది, కొసన బొట్టు వేలాడుతుంది. ఆ బొట్టే సిలిండర్‌లో పడి పిస్టన్ నెత్తిని కాలుస్తుంది. తెరుచుకునే పీడనానికి కాస్త కింద పది సెకన్లు నిలిపితే నాజిల్ కొన పొడిగా ఉండాలి. ఈ పరీక్షప్పుడు ఆ చిమ్మే పొగమంచు ముందు వేలు పెట్టినవాళ్ల కథలు ప్రతి షాపులోనూ ఉంటాయి. ఆ వేగానికి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని మాంసంలోకి దిగుతుంది. పైకి సూది గుచ్చినంత గుర్తే కనిపిస్తుంది. నొప్పి లేదని ఇంటికి వెళ్లకూడదు. వెంటనే ఆపరేషన్ సౌకర్యమున్న ఆస్పత్రికి పోకపోతే వేలు, ఒక్కోసారి చెయ్యి దక్కదు.

నాజిల్ తిరిగి బిగించేటప్పుడు జరిగే చిల్లర పొరపాటు ఒకటి పెద్ద నష్టం తెస్తుంది. దాని కింద ఉండే పాత రాగి వాషర్ రంధ్రంలోనే అతుక్కుని ఉండిపోతుంది. చూసుకోకుండా మీద కొత్తది వేస్తారు. రెండు వాషర్ల ఎత్తు మీద నాజిల్ కూర్చుంటే చిమ్మాల్సిన చోట చిమ్మదు, కంప్రెషన్ కూడా పక్కనుంచి జారిపోతుంది. కొత్త నాజిల్ వేయించినా బండి మారలేదని యజమాని గోల పెట్టేది ఇలాంటప్పుడే.

ఇక పెద్ద పంప్. దానికి వేరే షాపు, వేరే మనిషి. బయట ఎంత దుమ్మున్నా ఆ గది తలుపు మూసే ఉంటుంది. లోపల ప్లంజర్, దాని బ్యారల్ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. మన వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. ఆరు ప్లంజర్లు, ఆరు బ్యారళ్లు పుట్టుకతోనే జతలు. ఒకదాని ప్లంజర్ ఇంకోదాంట్లో వేస్తే రెండూ పాడే. అందుకని ట్రేలో ఆరు గళ్లలో విడివిడిగా పెట్టి శుభ్రమైన డీజిల్‌లో కడుగుతారు. వేస్టు గుడ్డతో తుడిచేవాడు పని రానివాడు, ఒక్క నూలు పోగు చాలు ఇరుక్కోవడానికి. నాజిల్ సూదిని డీజిల్‌లో ముంచి, దాని ఇంట్లో పెట్టి, ఏటవాలుగా పట్టుకుంటే సొంత బరువుతో మెల్లగా జారి దిగాలి. ఆగితే జిగురు లేదా గీత. దబ్బున పడితే అరుగుదల. ఏ మిషనూ అక్కర్లేని ఈ పరీక్షను పంప్ మేస్త్రీ కళ్లు మూసుకుని చేస్తాడు.

బెంచి మీద పంప్‌ను మోటారుతో తిప్పి, ఆరు నోళ్ల నుంచి వచ్చే డీజిల్‌ను ఆరు గాజు గొట్టాల్లో పడతారు. ఇన్ని స్ట్రోకులకు ఇన్ని సీసీలు అని కంపెనీ ఇచ్చిన పట్టిక గోడకు ఉంటుంది. ఆరు గొట్టాల్లో మట్టాలు సమానంగా నిలవాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువైతే ఇంజన్ వణుకుతుంది. లోపలి స్లీవ్‌ను వెంట్రుక వాసి తిప్పి, మళ్లీ తిప్పి, మట్టాలు కలిపే ఆ పని చూస్తుంటే పొద్దు తెలియదు. తర్వాత ఇంజన్‌కు బిగించేటప్పుడు మొదటి సిలిండర్ గుర్తు పట్టి టైమింగ్ కలపాలి. ఈ ఇంజన్‌లో సిలిండర్లు పేలే వరుస 1-5-3-6-2-4. పంప్ దించేముందు కప్లింగ్ మీద గుర్తు గీసుకోని మెకానిక్ తర్వాత అర పూట వృథా చేస్తాడు.

‘కాస్త పెంచు మేస్త్రీ’

ఖనిజం జోరు మీదున్న రోజుల్లో పంప్ షాపుల్లో ఎక్కువగా వినిపించిన కోరిక ఇదేనట. బండికి రాసిచ్చిన బరువుకు మించి ఎక్కించేవారు. ఇంజన్ లాగకపోతే పంప్ సీలు తెంచి, పూర్తి డీజిల్ కొలతను అదుపు చేసే స్క్రూ తిప్పించేవారు. రెండు రోజులు బండి పరుగెత్తినట్టే ఉంటుంది. నల్ల పొగ, మైలేజీ పతనం, పిస్టన్లు కాలడం, ఆయిల్‌లో డీజిల్ కలవడం తర్వాత వరుసగా వస్తాయి. గాలి పెరగకుండా డీజిల్ పెంచితే మిగిలేది మసే. దానికి పెట్టిన సీసపు సీలు ప్రభుత్వం కోసమో కంపెనీ కోసమో పెట్టిందని అనుకుంటారు గానీ అది ఇంజన్ కోసం పెట్టింది. ఒప్పుకోని మేస్త్రీలు గిరాకీ పోగొట్టుకున్నారు. నా లెక్కలో గట్టి మేస్త్రీలు వాళ్లే.

కిరోసిన్ కల్తీ సంగతీ ఇలాంటిదే. కిరోసిన్‌కు జిడ్డు తక్కువ. ఈ పంప్‌లో ప్లంజర్లకు కందెన అంటూ వేరే లేదు, డీజిలే కందెన. అది పలచబడితే ఇనుము ఇనుమును తింటుంది. ఇక 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 డీజిల్ వచ్చింది. గంధకం పదిలక్షల్లో 10 వంతులకు తగ్గింది, అంతకుముందు బీఎస్-4లో 50. గంధకం తీసే ప్రక్రియలో సహజమైన జిడ్డు కూడా తగ్గుతుంది గనక రిఫైనరీలోనే దానికి మందు కలుపుతారు. బంకు డీజిల్ పోయించుకున్నంత కాలం పాత పంప్‌కు భయం లేదు. పాత రబ్బరు సీళ్లు, పైపులు మాత్రం కొత్త డీజిల్‌కు కాస్త ముడుచుకుని చెమర్చవచ్చు. ఇరవై ఏళ్ల నాటి రబ్బరు గొట్టాలతోనే నడుపుతున్నవారు ఇప్పటికైనా మార్చుకుంటే మంచిది. కొందరు డ్రైవర్లు డీజిల్‌లో రెండు స్ట్రోకుల ఆయిల్ కలుపుతారు. అవసరం లేని ఖర్చని నా అభిప్రాయం.

కొత్త బండ్లలో ఈ విద్యలో చాలా భాగం చెల్లదు. కామన్ రైల్‌లో పీడనం 1,600 బార్లు, ఆపైన కూడా ఉంటుంది. నట్టు వదులు చేసి సిలిండర్ పరీక్షించడం అక్కడ ప్రాణాంతకం. లాప్‌టాప్ పెట్టి చూడాల్సిందే. పాత బండ్లకేమో 15 ఏళ్లు దాటాక ఫిట్‌నెస్ ఖర్చు భారమైంది. 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం భారీ సరుకు వాహనాలకు ఆ రుసుమును 12,500 రూపాయలకు పెంచింది. తోరణగల్లు ఉక్కు కర్మాగారానికి ఖనిజం పైపు కన్వేయర్ మీద కూడా పోతోంది. అయినా వడ్లు, ఇటుకలు, ఇసుక, మిరపకాయలు మోయడానికి పాత ఇంజన్ ఇంకొన్నేళ్లు తిరుగుతుంది.

తిరిగినన్నాళ్లు యజమానులు చేయాల్సింది కొంచెమే. ట్యాంకు పావు భాగానికి దిగకముందే నింపండి, సరిహద్దు అటైనా ఇటైనా. రాత్రి నిలబెట్టేముందు నింపితే తేమ బాధ కూడా తగ్గుతుంది. నెలకోసారి ట్యాంకు అడుగు నుంచి, ఫిల్టర్ అడుగు నుంచి నీళ్లు వదలండి. మూత రంధ్రం, జాలి, పైపులు, వాషర్లు, ఫిల్టర్ చూడకుండా ‘పంప్ పోయింది’ అనేవాడి దగ్గర బండి ఆపకండి. పంప్ దించక తప్పకపోతే విప్పకముందు బెంచి రీడింగ్, బిగించాక రీడింగ్ రెండూ కాగితం మీద రాసిమ్మని అడగండి. మార్చిన ప్లంజర్లు, బ్యారళ్లు, నాజిళ్లు సంచిలో వేసి మీ చేతికే ఇమ్మనండి. పని తెలిసిన మేస్త్రీ ఈ రెండింటికీ అభ్యంతరం చెప్పడు.